తాళం వేసిన ఊళ్ళో కాపలా

శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు చెప్పేటప్పుడు లెక్క డొంకూరు దగ్గర మొదలవుతుంది. ఇచ్ఛాపురం మండలంలోని ఈ మత్స్యకార గ్రామం నుంచి రణస్థలం మండలం దోనిపేట దాకా 193 కిలోమీటర్లు. ఉత్తరాన కాస్త నడిస్తే ఒడిశా. ముందు బంగాళాఖాతం, వెనక ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు. ఇలాంటి చోట ఇంటి కాపలా గురించి రాయాలంటే, పట్నపు పత్రికల్లో రాసినట్టు సీసీ కెమెరాతో మొదలుపెట్టి కరాటేతో ముగిస్తే కుదరదు. ఇక్కడ ఇంట్లోకి ఎవరు వస్తారన్నదానికంటే ముందు, ఇంట్లో ఎవరున్నారు అని అడగాలి.

సరైన రేవు లేక, ఉన్న వేట కడుపు నింపక ఈ తీరం మగవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కీ, పారాదీప్‌కీ, చెన్నైకీ, మంగళూరుకీ పోతారు. 2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద పనిచేస్తూ పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైన మన మత్స్యకారుల సంగతి ‘తండేల్’ సినిమా వచ్చాక రాష్ట్రమంతా తెలిసింది. ఉద్దానం లోపలి ఊళ్ళవాళ్ళు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్తారు. ఫలితం ఒకటే. ఏడాదిలో చాలా నెలలు వీధిలో సగం తలుపులకు తాళాలు, తాళం లేని ఇళ్ళలో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, బడిపిల్లలు. ‘ఆత్మరక్షణకు సిద్ధపడండి’ అని రాసే పుస్తకాలన్నీ ఇంట్లో ఒక కండబలం ఉన్న మగవాడున్నాడనే లెక్కతో రాసినవి. ఆ లెక్క ఇక్కడ మొదటి పేజీలోనే తప్పిపోతుంది.

అందుకే ఈ విషయాన్ని బలం వైపు నుంచి కాక వ్యవధి వైపు నుంచి చూడాలని నా అభిప్రాయం. చొరబడేవాడు మొదటి అలికిడి చేసిన క్షణానికీ ఇంట్లో మనిషి దగ్గరికి చేరే క్షణానికీ మధ్య ఎన్ని నిమిషాలున్నాయి? ఆ నిమిషాలు పెంచేదే కాపలా. కుక్క, గొళ్ళెం, వీధి దీపం, పక్కింటి ముసలమ్మ దగ్గు, ఫోను అన్నీ ఆ పని చేసేవే. నిమిషాలు పెరిగితే ఎదుటివాడు ఎవరో తెలుసుకోవచ్చు, కేక వేయొచ్చు, పోలీసులకు చెప్పొచ్చు. నిమిషాలు లేకపోతే మిగిలేది దెబ్బ ఒక్కటే. ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో ఎవరికీ తెలియదు.

ముందు తలుపు సంగతి చూద్దాం, ఎందుకంటే నూటికి తొంభైమంది ఖర్చు పెట్టేది తాళంకప్ప మీద, దొంగ చెయ్యి వేసేది దాని మీద కాదు. ఇత్తడిదో, పెద్ద పేరున్న కంపెనీదో బరువైన కప్ప కొంటారు. దాన్ని తగిలించే గొళ్ళేన్ని నాలుగు పొట్టి మరమేకులతో పాత చెక్కకు బిగిస్తారు. ఉప్పుగాలికి ఆ మరమేకులు రెండు మూడేళ్ళలో తుప్పు తాగి ఎర్రగా పొడిరాలుతాయి. గునపం మొన దూర్చి ఒక్క విసురు విసిరితే కప్ప చెక్కుచెదరదు, గొళ్ళెమే చెక్కతో సహా ఊడి చేతికొస్తుంది. పైగా బయట వేలాడే కప్ప, ఇంట్లో ఎవరూ లేరని రాసిపెట్టిన బోర్డు. లోపలినుంచి పట్టే తాళం, చెక్కను దాటి వెనక ఇనుప పట్టీకి బిగించిన బోల్టులు, పెరటి తలుపుకు కూడా వీధి తలుపంత మర్యాద: ఇవి చాలా వరకు పని చేస్తాయి. పెరటి తలుపుకు అడ్డకర్ర పెట్టడం మన పెద్దవాళ్ళకు తెలుసు. సిమెంటు డాబాలు వచ్చాక దాన్ని మరిచిపోయాం.

పూర్వం దొంగ గోడకు కన్నం వేసేవాడు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు గోడ ఎదుట నిలబడి ఏ ఆకారంలో కన్నం వేస్తే అందంగా ఉంటుందని తర్కించుకుంటాడు. అంత తీరిక ఇప్పటి దొంగకు లేదు. అతనిదీ వ్యవధి లెక్కే. రెండు మూడు నిమిషాల్లో తెరుచుకోని తలుపును వదిలేసి పక్కదానికి పోతాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో నేర సర్వేల మీద జరిగిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. తలుపులకు గట్టి తాళాలు, కిటికీలకు గడియలు, లోపలా బయటా దీపాలు కలిసి ఉన్నచోట దొంగతనాలు బాగా తగ్గాయి. ఒట్టి అలారం ఒక్కటే పెట్టుకున్నవాళ్ళకు ఆ మేలు కనపడలేదు. అలారం మోగితే వినేవాడు, విని లేచేవాడు ఉండాలి కదా.

వినేవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంగ్లండ్‌లోనే రోచ్‌డేల్ పట్టణంలోని కిర్క్‌హోల్ట్ కాలనీ సంగతి చెప్పుకోవాలి. రెండు వేల పైచిలుకు ఇళ్ళున్న పేద కాలనీ. 1980ల నడుమ దొంగతనాలు విపరీతంగా జరిగేవి. పరిశోధకులు వెళ్ళి చూస్తే రెండు విషయాలు తేలాయి. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లోనే కొద్ది వారాల్లో మళ్ళీ పడుతున్నారు. ఇళ్ళలో నాణేలు వేసి వాడుకునే గ్యాసు, కరెంటు మీటర్లున్నాయి, వాటిలో డబ్బు కోసమే చాలామంది వస్తున్నారు. మీటర్లు తీసేశారు. దొంగలు పడ్డ ఇంటి చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ళవాళ్ళను మాత్రం కలిపి, ఆ ఒక్క ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. ఊరంతా గస్తీ తిరగమనలేదు. మూడేళ్ళలో దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి. మన దగ్గర దొంగలు పడ్డాక నాలుగు రోజులు ఊరంతా జాగారం చేసి ఐదో రోజు అందరూ పడుకుంటారు. కిర్క్‌హోల్ట్ నేర్పేది దానికి పూర్తిగా వ్యతిరేకం: తక్కువమంది, ఎక్కువ రోజులు, ఒకే ఇంటి మీద చూపు.

ఆ పద్ధతికి మన తీరగ్రామాల వీధులు పుట్టుకతోనే పనికొస్తాయి. ఇంటికి ఇల్లు ఆనుకుని, ఒకే గోడ రెండిళ్ళకు పంచుకుని, వరసగా సాగే ఇళ్ళు. పక్కింట్లో బిందె దొర్లితే ఇవతల మంచం మీద మెలకువ వస్తుంది. అరుగు మీద పడుకునే అలవాటున్నంత కాలం వీధికి వేరే కాపలా అక్కర్లేకపోయింది. దానికి తోడు తలారి ఉండేవాడు. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయ్యాక తలారి క్రమంగా రెవెన్యూ ఆఫీసు పనివాడైపోయాడు, రాత్రి కేక ఆగిపోయింది. ఆ వ్యవస్థ తిరిగి రావాలని నేను అనడం లేదు. అందులో ఒక్కొక్క కులం నెత్తిన వేసిన వెట్టి ఎంతో ఉంది. పోయినదాని స్థానంలో ఏమీ పెట్టలేదన్నది మాత్రం నిజం.

ప్రభుత్వం పెట్టిందొకటి ఉంది, దాని గురించి తీరంలో చాలామందికి తెలియదు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పద్ధతి. ఊరు వెళ్తున్నట్టు ముందుగా చెప్తే పోలీసులే వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా అమర్చి వెళ్తారు. ఎవరైనా అడుగుపెడితే కంట్రోల్ రూముకు కబురు పోతుంది. డబ్బు కట్టక్కర్లేదు. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్ళే పట్నవాసిని మనసులో పెట్టుకుని చేసిన ఏర్పాటిది. ఎనిమిది నెలలు వెరావల్‌లో ఉండే వేటగాడి ఇంటికి అన్ని కెమెరాలు ఎక్కడివి? అయినా అడగడంలో తప్పులేదు. కెమెరా రాకపోయినా, ఏ వీధిలో ఏ ఇల్లు ఎన్నాళ్ళు తాళమేసి ఉంటుందో స్టేషన్‌లో నమోదవుతుంది.

బంగారం ఇంకో ముడి. బ్యాంకు దూరమనో, పెళ్ళికి కావాలనో, అప్పుకు తాకట్టు పెట్టే వెసులుబాటు కోసమో ఇంట్లోనే ఉంచుతారు. ఈ అలవాటు సముద్రాలు దాటినా పోలేదు. అమెరికాలో 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాల్లో ఒక ముఠా పనిగట్టుకుని భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళలోనే పడింది. నగదూ నగలూ ఇంట్లో ఉంచుకుంటారని తెలిసే ఎంచుకున్నారు. ముఠా నడిపిన మహిళకు 37 ఏళ్ళ శిక్ష పడింది. డొంకూరు అయినా డల్లాస్ అయినా దొంగకు కావలసిన మొదటి సమాచారం మన పెళ్ళి ఫొటోల్లోనే దొరుకుతోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఇంట్లో ఏమున్నదో తెలిసినవాడి నోటినుంచే ఆ సంగతి బయటికి పోవడమూ ఉంది.

ఇక చట్టం. ఈ విషయంలో ఊళ్ళో వినిపించేవి రెండే మాటలు: దొంగను చంపినా కేసు లేదని ఒకరు, దొంగను ముట్టుకుంటే మనమే జైలుకు పోతామని ఒకరు. రెండూ తప్పే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. పాత పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 వరకు ఉన్నవే కొద్ది మార్పులతో ఇక్కడికి వచ్చాయి. ప్రాణాన్నే కాదు, ఆస్తినీ కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. దానికి 37వ సెక్షన్ గీసిన గీతల్లో రెండు ఇక్కడ ముఖ్యం. అధికారుల సాయం కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు.

41వ సెక్షన్ మీద కాసేపు ఆగాలి. ఆస్తి కోసం ఎదుటివాడి ప్రాణం పోయేంత వరకు వెళ్ళగల సందర్భాలు అందులో ఉన్నాయి. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికి నిప్పు పెట్టడం వగైరా. దొంగతనమో అక్రమ ప్రవేశమో అయితే, ప్రాణానికి గానీ తీవ్రమైన గాయానికి గానీ నిజంగా భయపడాల్సిన పరిస్థితి ఉండాలి. పగటిపూట పెరట్లో కొబ్బరికాయలు దించుకుపోయేవాడి మీద కత్తి దూస్తే ఈ సెక్షన్ ఆదుకోదు. అర్ధరాత్రి తలుపు బద్దలుకొట్టి గునపంతో లోపలికి వచ్చినవాడి విషయం వేరు. చట్టం రాత్రిని ఎందుకు వేరు చేసింది? చీకట్లో ఎదుటివాడు దేనికి వచ్చాడో తెలుసుకునే వ్యవధి ఇంటివాళ్ళకు ఉండదు కనుక. సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కుకు సంబంధించిన పది సూత్రాలను ఒకచోట చేర్చింది. ప్రాణభయంలో ఉన్నవాడు కొట్టిన దెబ్బలను తర్వాత తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ కొలవకూడదన్నది వాటి సారంలో ఒకటి. ప్రమాదం తొలగిన క్షణంలో హక్కు కూడా తొలగుతుందన్నది మరొకటి.

ఊళ్ళలో తప్పు జరిగేది ఆ రెండోదాని దగ్గరే. దొంగ పట్టుబడ్డాడు, చేతులు కట్టేశారు, కరెంటు స్తంభానికి ఆనించారు. అక్కడినుంచి పడే ప్రతి దెబ్బా నేరం. కళ్ళెదుట పెద్ద నేరం చేసినవాణ్ణి పట్టుకునే అధికారం మామూలు మనిషికీ ఉంది. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. ఆ ఆరు గంటలు పంచాయతీ పెట్టడానికి ఇచ్చినవి కావు. సరిహద్దు ఊరికి పనికొచ్చే మాట ఇంకొకటి: నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని అదే చట్టం 173వ సెక్షన్ చెబుతోంది. దొంగ బాహుదా దాటి ఒడిశాలోకి పోయాడు కాబట్టి మాకు సంబంధం లేదని ఎవరైనా అంటే ఆ సెక్షన్ నంబరు చెప్పొచ్చు.

ఇంట్లో మనిషి లేకుండా చేసే కాపలా గురించి 1963లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక బిహార్ కేసు ఉంది. ఉద్దానం తోటల్లో ఇనుపతీగ చేతపట్టుకున్న ప్రతివాడూ దాన్ని తెలుసుకోవాలి. ఒక ఇంటి మరుగుదొడ్డి గోడ కూలింది. ఆ ఇంటి ఆడవాళ్ళు పక్కింటాయన దొడ్డికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆయన వద్దన్నాడు, విసుక్కున్నాడు, వాళ్ళు మానలేదు. చివరికి దొడ్డికి వెళ్ళే దారిలో కరెంటు పారే బోడితీగ కట్టాడు. ఒకామె తీగ తగలకుండానే లోపలికి వెళ్ళింది. తిరిగి వస్తుంటే చెయ్యి తగిలి చనిపోయింది. నా స్థలం, నా అనుమతి లేకుండా వచ్చింది, ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుందని ఆయన వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. తీగకు కళ్ళు లేవు. వచ్చింది హంతకుడో, దారి తప్పిన పిల్లాడో, అక్కరకు వచ్చిన ఆడమనిషో దానికి తెలియదు. ఆత్మరక్షణ హక్కు ఆ తేడా చూడగల మనిషికే ఉంటుంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద ఆయన శిక్ష ఖాయమైంది. పందులకనీ దొంగలకనీ చెప్పి ఇప్పటికీ మన జిల్లాల్లో తోటలకు కరెంటు పెడుతూనే ఉన్నారు, తెల్లారి ఆ తీగల మీద మనుషులే దొరుకుతున్నారు.

తోటల దాకా వచ్చాం కనుక ఎలుగుబంటి గురించి. ఉద్దానంలో ‘రాత్రి ఇంటికెవరో వచ్చారు’ అంటే సగం సార్లు ఆ వచ్చినది ఎలుగే. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు చనిపోయారు, జనం దాన్ని కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయి ఆరుగురు గాయపడ్డారు. అటవీశాఖవాళ్ళు మత్తు సూది వేసి పట్టుకున్నారు గానీ విశాఖ జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్తుంటే అది దారిలోనే చచ్చిపోయింది. 2024 మార్చిలో అదే మండలంలో జీడితోటకు వెళ్ళినవాళ్ళు ఇద్దరు పోయారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరిని, జీడిని, పనసను కూకటివేళ్ళతో పెకలించింది. ఎలుగు తిండీ, దాని నీడా ఆ రోజు మనతోపాటే నేలకూలాయి.

ఎలుగుకు చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. అది మనిషిని వెతుక్కుంటూ రాదు. హఠాత్తుగా ఎదురైతే పారిపోయేందుకు చోటు లేక మీద పడుతుంది, ముఖాన్నే పడుతుంది. అంటే దానికీ కావలసింది వ్యవధే. తెల్లవారుజామున తోటకు వెళ్ళేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, లైటు వేసుకుని వెళ్ళమనే సలహా అందుకే. పెరట్లో రాలిన పనసపండ్లు, పిప్పి, చేపల వ్యర్థం కుళ్ళనిస్తే మనమే పిలిచినట్టు. ఎలుగు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. ప్రాణం కాపాడుకోవడానికి మంచి ఉద్దేశంతో చంపితే నేరం కాదని 11వ సెక్షన్ అంటుంది. ఊరంతా పోగై తరిమి తరిమి చంపడం దాని కిందికి రాదు. తరిమేకొద్దీ గాయపడ్డవాళ్ళ సంఖ్య పెరుగుతుందని ఈ పదేళ్ళ అనుభవమే చెబుతోంది.

ఇక శిక్షణ సంగతి. ఉత్తరాంధ్రలో దేహబలానికి గొప్ప పేరుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామశాల పెట్టి దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. కర్రసాము జాతరల్లో ఇంకా కనిపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, ఒళ్ళు వంగుతుంది, ధైర్యం వస్తుంది. ఇరుకు గదిలో, చీకట్లో, దూలం కింద కర్ర తిప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ పథకం కింద మూడు నెలలు కరాటే నేర్పుతున్నారు. మూడు నెలల కరాటేతో గునపం పట్టిన మగవాణ్ణి ఎదిరించలేరని పెదవి విరిచేవాళ్ళున్నారు. వాళ్ళు కరాటేను చూస్తున్నారు గానీ అసలు లాభాన్ని చూడటం లేదు. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది విద్యార్థినుల మీద చేసి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, శిక్షణ పొందినవాళ్ళలో ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్ళు 5.2 శాతం, ఒట్టి కరపత్రాలు అందుకున్నవాళ్ళలో 9.8 శాతం. ఆ శిక్షణలో తన్నులు గుద్దులు కొంతే. ఎదుటివాడి తీరులో ప్రమాదాన్ని తొందరగా పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా వద్దనడం, అక్కడినుంచి బయటపడటం మీదే ఎక్కువ కాలం గడిపారు. పైగా హాని చేసేవాడు చాలాసార్లు తెలిసినవాడే అన్న నిజం మీద ఆ పాఠం కట్టారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు వచ్చే అపాయంలో ఎంత భాగం తాళం పగలగొట్టి వస్తోంది, ఎంత భాగం పేరు పెట్టి పిలిచి తలుపు తీయించుకుని వస్తోంది? ఇంటి రక్షణ పుస్తకాలు ఈ ప్రశ్న దగ్గర నోరు మెదపవు.

తుపాకీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరం, 2016 నిబంధనలతో శిక్షణ ధ్రువపత్రం కూడా కావాలి. 1993లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ఒకటి, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం లేని ఇంటికంటే సుమారు 2.7 రెట్లు ఎక్కువని లెక్కగట్టింది. ఎక్కువగా చంపినవాళ్ళు ఇంటివాళ్ళూ ఎరిగినవాళ్ళే. దాని మీద వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి. మనకు ఆ గొడవ లేకపోవడం అదృష్టం.

చొరబాటును అడ్డుకోవడంలో నిజమైన కసరత్తు ఈ తీరంలో ఒక్కటే జరుగుతోంది, అది సముద్రం వైపు. 2008 నవంబరు 26న ముంబయిలోకి చొరబడ్డ పదిమందీ ‘కుబేర్’ అనే గుజరాత్ చేపల బోటును వశం చేసుకుని వచ్చారు. ఆ తర్వాత తీరమంతటా మెరైన్ పోలీసు స్టేషన్లు వచ్చాయి. మన జిల్లాలో కళింగపట్నం, బారువ, భావనపాడుల్లో ఉన్నాయి. ఏటా రెండుసార్లు ‘సాగర్ కవచ్’ జరుగుతుంది. సిబ్బందిలోనే కొందరు దుండగుల్లా మారి బోట్లలో తీరానికి చేరాలని చూస్తారు, మిగిలినవాళ్ళు అడ్డుకోవాలి. ఇందులో మత్స్యకారులే కళ్ళూ చెవులూ. కొత్త బోటు కనిపిస్తే 1093కి చెప్పడం, సముద్రం మీద ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ 1554కి చెప్పడం వాళ్ళకు నేర్పారు. గమనించారా, ఎవరికీ కత్తియుద్ధం నేర్పలేదు. ఏ బోటు మనది, ఏది కాదు, తేడా కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి. అంతే.

ఆ క్రమశిక్షణ ఒడ్డు దాటి వీధిలోకి రాలేదు. వీధిలో వాట్సాప్ రాజ్యం. 2018 మేలో పార్థీ ముఠాలు, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫొటోలతో, ఏడుపు గొంతులతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సందేశాలు తిరిగాయి. ఊళ్ళలో యువకులు కర్రలు పట్టుకుని రాత్రంతా తిరిగారు. ఆ నెల 26న హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. పలుచోట్ల బిచ్చగాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, వేరే భాష మాట్లాడే కూలీలు దెబ్బలు తిన్నారు. జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులను అరికట్టాలని రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. ఒడియా, తెలుగు రెండూ వినిపించే ఇచ్ఛాపురం వైపు ‘వేరే భాషవాడు’ అన్న గుర్తు ఎందుకూ పనికిరాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలను చేసింది. అది 1952లో పోయినా ఆ చూపు మన గస్తీల్లో ఇంకా బతికే ఉంది. సంచారజాతి కుటుంబం గుడారం వేసుకున్న రాత్రి ఊరికి నిద్రపట్టదు. ఆ కుటుంబానికి కూడా పట్టదని మనకు తోచదు.

తుఫాను రాత్రుల గురించి ఎవరూ పెద్దగా రాయరు. తీరం ఖాళీ చేయమని దండోరా వేస్తే ఆడవాళ్ళనూ పిల్లలనూ తుఫాను రక్షిత భవనానికి పంపి, ఒక ముసలాయన ఇంట్లో ఉండిపోతాడు. సామాను పోతుందని, వలలు పోతాయని, మేకలు పోతాయని. ఇంటి కాపలా ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ రాత్రే. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఏ కెమెరా, ఏ అలారం పనిచేసే పరిస్థితి కాదు. ఖాళీ అయిన వీధి చివర ఇద్దరు పోలీసులను నిలబెడతామని ముందే చెప్తే ఆ ముసలాయన కదులుతాడు. విపత్తు ప్రణాళికల్లో పడవలు, పులిహోర పొట్లాలు ఉంటాయి, ఈ మాట ఉండదు.

సాగర్ కవచ్ లాంటిది వీధికీ జరిపితే ఎలా ఉంటుంది? వెరావల్ ప్రయాణాలు మొదలుకాక ముందు, మగవాళ్ళింకా ఊళ్ళో ఉన్న జులైలో ఒక సాయంత్రం చాలు. ఏ ఇల్లు ఎప్పటినుంచి తాళం, తాళంచెవి ఎవరి దగ్గర, ఆ ఇంటికి అటూఇటూ ఉన్న నాలుగిళ్ళవాళ్ళ ఫోన్ నంబర్లు ఏమిటి అని గ్రామ సచివాలయంలో రాసుకోవాలి. నగలకు ఫొటోలు తీసి, రసీదులతో కలిపి ఊరు వెళ్ళేవాడి ఫోన్‌లో ఉంచుకోవాలి. దొంగతనం జరిగిన ఇంటికి ఆ తర్వాత రెండు నెలలు పక్క నాలుగిళ్ళదే బాధ్యత అని పేర్లు చదివి వినిపించాలి. అలికిడైతే ఒంటరిగా తలుపు తీయకుండా దీపం వేసి, పేరు పెట్టి పక్కవాళ్ళను కేకేసి, 112కి ఫోన్ చేయడం పిల్లలతో సహా అందరిచేతా చేయించి చూడాలి. కొత్తవాడు కనిపిస్తే ఏం అడగాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో ఎస్సై గారే వచ్చి చెప్పాలి. ఆయనకు ముందే చెప్పి ఉంచి, ఆ రాత్రి ఇచ్ఛాపురం స్టేషన్‌లో బయల్దేరిన జీపు డొంకూరు చివరి వీధికి ఎంతసేపట్లో చేరుతుందో గడియారం పెట్టి చూడాలి. వచ్చిన నిమిషాలను బట్టి వడ్రంగిని పిలిచి, ఏ తలుపుకు ఎంత గట్టి గొళ్ళెం కావాలో మర్నాడు మాట్లాడుకోవచ్చు.